తంది, తంతి, తార్: మద్రాసు ఒడ్డు నుంచి పినాంగుకు పోయిన తీగ

మద్రాసులో తరాలుగా ఉంటున్న మా తెలుగు ఇళ్ళల్లో టెలిగ్రాముకు పేరు "తంది". కాగితం మీద "తంతి" అనే రాసేవాళ్ళు, నోట్లో మాత్రం అరవ పలుకే. "ఊర్నించి తంది వచ్చిండాదంట" అని మా అవ్వ అనిందంటే పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా ఎవరికీ పట్టేది కాదు. బెంగళూరు, కోలారు వైపు మా చుట్టాలదీ "తంతే" గానీ వాళ్ళకు తంతి అంటే ముందు తీగ. ముళ్ళ తంతి, బట్టలారేసే తంతి, కరెంటు తంతి, ఆ తర్వాతే టెలిగ్రాము. సోలాపూరు నేతగాళ్ళ ఇళ్ళల్లోకి పోతే అది "తార్" అయిపోతుంది, మరాఠీ మాట. విజయవాడ నుంచి వచ్చినవాళ్ళు "టెలిగ్రాం" అని ఇంగ్లీషులోనే అనేసి మా మాటకు నవ్వేవాళ్ళు, "తంతి అంటే తన్నేదా?" అని.

తంతి సంస్కృతంలో తంత్రి నుంచి వచ్చిన మాట. వీణ తంతి, తంబుర తంతి మనకు పాతవే. 1855లో ఈస్టిండియా కంపెనీ తన టెలిగ్రాఫును జనానికి తెరిచిన తర్వాత తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఆ కొత్త వస్తువుకు ఈ పాత మాటనే తొడిగాయి. మలయాళం వాళ్ళు మాత్రం "కంబి" అన్నారు. తొడుగు ఒకటే అయినా అన్ని చోట్లా ఒక్కలాగా కూర్చోలేదు. తమిళ వ్యవహారంలో తంది మెల్లగా తీగను వదిలేసి వార్త అయిపోయింది. తీగకు వాళ్ళకు కంబి ఉండనే ఉంది. అందుకే 1942లో మదురైలో పుట్టిన పేపరుకు "దినతంది" అని పేరు పెడితే ఎవరికీ వింతగా తోచలేదు. వైర్‌లెస్‌ను వాళ్ళు "కంబియిల్లా తంది" అన్నారు. మాటకు మాట పెట్టి చూస్తే తీగలేని తీగ! తెలుగులో అదే వస్తువు "నిస్తంతి" అయింది, అంటే పుస్తకాల తెలుగులో తంతి ఇంకా తీగే.

మద్రాసు తెలుగువాళ్ళం ఈ రెంటికీ మధ్యన ఉన్నాం. మాకు తంది వార్త, కంబి తీగ. చలికి పళ్ళు కటకటమంటే అరవంలో పళ్ళు తంది కొడుతున్నాయంటారు, తంతి ఆఫీసులో మీట టకటకమన్నట్టు. మా ఇంట్లో దాన్ని అట్లాగే దించుకుని "పళ్ళు తంది కొడతా ఉండాయి" అనేవాళ్ళం. కోస్తా తెలుగులో ఈ మాట నేను వినలేదు.

ఇదంతా నేల మీది తంతి సంగతి. స్తంభాలు, పింగాణీ గిన్నెలు, తీగ మీద కాకులు, అందరి కళ్ళకూ కనిపించేవి. కాబట్టే మాట పుట్టింది. అదే తీగ సముద్రంలోకి దిగినప్పుడు దానికి మన నోళ్ళల్లో పేరేమీ పుట్టలేదు. ఎందుకు పుట్టలేదో తెలియాలంటే ఆ తీగ కథ కొంచెం చెప్పుకోవాలి. అది మన ఒడ్డు నుంచి, మనవాళ్ళు పోయిన దారినే పోయింది.

1870 ఫిబ్రవరిలో గ్రేట్ ఈస్టర్న్ అనే ఓడ బొంబాయి నుంచి ఏడెన్‌కు సముద్రం అడుగున తీగ పరుచుకుంటూ బయల్దేరింది. ఆ కాలంలో ప్రపంచంలో అంత పెద్ద ఓడ లేదు. కడుపులో వేల మైళ్ళ కేబుల్ చుట్టలు. ఎండ దెబ్బకు లోపలి కేబుల్ పాడవకుండా ఓడకు తెల్ల రంగు పూశారు. ఆ ఏడు జూన్‌కల్లా బొంబాయి నుంచి ఏడెన్, సూయజ్, అలెగ్జాండ్రియా, మాల్టా, జిబ్రాల్టర్ మీదుగా ఇంగ్లండు కొసన పోర్త్‌కర్నో అనే చిన్న ఇసుక తీరం దాకా దారి కలిసింది. బొంబాయిలో అప్పటికే మన కామాటీలు మేడలు కడుతున్నారు, కామాటిపురాకు ఆ పేరు వాళ్ళ వల్లే వచ్చింది. వాళ్ళకు ఈ తీగతో పనేముంది గనక.

మద్రాసు సంగతి ఆ వెంటనే. బ్రిటిష్ ఇండియన్ ఎక్స్‌టెన్షన్ అనే కంపెనీ 1870–71లో మద్రాసు నుంచి పినాంగుకూ, అక్కడి నుంచి సింగపూరుకూ కేబుల్ వేసింది. ఒక్క మద్రాసు–పినాంగు ముక్కే సుమారు 1,400 నాటికల్ మైళ్ళు, బంగాళాఖాతం అడ్డంగా. 1871లోనే సింగపూరు నుంచి సైగాన్ మీదుగా హాంకాంగ్ కలిసింది. జావా నుంచి ఆస్ట్రేలియా ఉత్తరపు ఒడ్డున డార్విన్‌కు తీగ దిగింది. 1872లో ఆస్ట్రేలియా ఎడారి మధ్యగా స్తంభాలు నాటడం పూర్తయ్యేసరికి లండన్‌లో కొట్టిన మాట అడిలైడ్‌లో వినబడసాగింది. అది పోయే దారి చూడండి: ఏడెన్ నుంచి బొంబాయి, బొంబాయిలో సముద్రం దిగి నేలెక్కి, భారత ప్రభుత్వపు తంతి శాఖ తీగ మీద దక్కను దాటుకుని మద్రాసు, మద్రాసులో మళ్ళీ సముద్రం. దక్కను దాటడమంటే మరాఠీ, కన్నడం, తెలుగు కలిసిపోయిన పల్లెల పక్కనుంచే. ఉన్ని ధర, బంగారం ధర, గవర్నర్ల నియామకాలు, అన్నీ మనవాళ్ళ జొన్నచేల మీదుగా పోయాయి. చేలో ఉన్నవాళ్ళకు కనబడింది కాకులు వాలిన కంబి మాత్రమే.

ఇక్కడ చిన్న పక్కమాట. రైళ్ళకూ తంతి ఆఫీసులకూ దేశమంతా ఒక గడియారం కావలసి వచ్చినప్పుడు వాడింది మద్రాసు గడియారాన్నే. నుంగంబాక్కం నక్షత్రశాల లెక్కగట్టిన సమయాన్ని తంతి ఆఫీసు తీగ మీద పంపేది. 1906లో భారత కాలమానం వచ్చేదాకా రైళ్ళు నడిచింది ఆ మద్రాసు టైముతోనే. మా నాయనకు ఇది చాలా గర్వం. "లోకానికి గంట కొట్టినోళ్ళంరా మనం" అనేవాడు, కొట్టింది తానే అయినట్టు.

కేబుల్ ఒడ్డెక్కిన రోజుల్లో మద్రాసుకు హార్బరు లేదు. దాన్ని కట్టడం మొదలైంది 1870ల నడుమ. 1881 తుపాను కట్టిందాన్ని చాలామటుకు విరగ్గొట్టింది. అంతకు ముందు ఓడలు దూరంగా లంగరేసి నిలబడేవి. అలలు విరిగే చోటు దాటించి మనుషుల్నీ సరుకుల్నీ ఒడ్డుకు చేర్చింది మసూలా పడవలు. పలకల్ని మేకులు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టిన పడవలవి. మేకులు కొట్టిన పడవ ఆ అలల దెబ్బకు పగిలిపోతుంది, కుట్టిన పడవ సాగి సర్దుకుంటుంది. పూరీలో, గోపాలపురంలో మన నోలియాలు నడిపిందీ ఇట్లాంటి పడవలే. మద్రాసు నుంచి ఒడిశా దాకా ఈ తీరమంతా అలల సంగతి తెలిసినవాళ్ళ చేతుల్లోనే ఉండేది. ఇలాంటి తీరంలో కేబుల్‌ను ఒడ్డుకు తేవడమంటే ఓడ దగ్గరికి రాలేదు కాబట్టి కొసను పడవల మీద, తేలే పీపాల మీద ఎక్కించి, తాళ్ళు కట్టి, ఒడ్డున వరసగా మనుషులు నిలబడి లాగడమే. ఇసుకలో కాలవ తవ్వి పాతిపెట్టి ఒక చిన్న గదిలోకి చేరుస్తారు. ఒడ్డుకు దగ్గర్లో కేబుల్ లావుగా ఉంటుంది, పైన ఇనుప తీగలు రెండు చుట్లు. లోతు నీళ్ళల్లో సన్నగా ఉన్నా ఫరవాలేదు, అక్కడ లంగర్లు తగలవు, అలలు కదపవు.

లోపల రాగి తీగ. ఉప్పునీళ్ళు తగలకుండా దాని చుట్టూ గట్టాపర్చా. ఇది మలయా అడవుల్లో ఒక చెట్టు పాలు గడ్డకట్టిన పదార్థం. రబ్బరు లాగా ఉంటుంది గానీ సాగదు, చల్లటి నీళ్ళల్లో ఇంకా గట్టిపడుతుంది. సముద్రపు కేబుల్‌కు దేవుడిచ్చిన వస్తువు. మలయా చెట్లకు మాత్రం అది శాపం, ఎందుకంటే రబ్బరు చెట్టుకు గాటు పెట్టి పాలు తీసినట్టు తీయడం కుదరక చెట్టునే నరికేసేవాళ్ళు. సింగపూరు నుంచి ఓడలకెత్తిన గట్టాపర్చా ఇంగ్లండు పోయి, తీగకు తొడుగై, తిరిగి మన సముద్రంలోకి వచ్చింది. కొన్నేళ్ళకు ఇంకో గొడవ బయటపడింది. ఉష్ణదేశాల తీరపు నీళ్ళల్లో చెక్కను తొలిచే పురుగు ఒకటుంటుంది, పడవలవాళ్ళకు దాని సంగతి తాతల నాటినుంచీ తెలుసు, కట్టుమరాలను పని కాగానే ఇసుక మీదికి లాక్కునే కారణాల్లో అదొకటి. ఆ పురుగు గట్టాపర్చానూ తొలిచింది. 1880 ప్రాంతం నుంచి తీగ లోపల ఇత్తడి రేకు చుట్టి దాని నోరు కట్టారు.

కేబుల్ స్టేషనులో ఏం జరిగేదంటే, వేల మైళ్ళు సముద్రం అడుగున వచ్చేసరికి కరెంటు చాలా నీరసించి వస్తుంది. నేల మీది తంతి లాగా టకటకమని మీట మోగించే బలం దానికి ఉండదు. అందుకని విలియం థామ్సన్ అనే శాస్త్రజ్ఞుడు ముందు అద్దం గాల్వనామీటరు చేశాడు. చీకటి గదిలో ఒక బుల్లి అద్దం, దాని మీద దీపం వెలుతురు, గోడ మీద ఒక వెలుగు చుక్క. చుక్క ఒక పక్కకు కదిలితే ఒక గుర్తు, ఇంకో పక్కకు కదిలితే ఇంకో గుర్తు. ఒకడు ఆ చుక్కను కళ్ళార్పకుండా చూస్తూ అక్షరాలు పైకి చెబితే ఇంకొకడు రాసుకునేవాడు. గంటల తరబడి ఇదే పని, కళ్ళు దెబ్బతినేవి. తర్వాత ఆయనే సైఫన్ రికార్డరు తెచ్చాడు. వెంట్రుకలాంటి గాజు గొట్టం కదిలే కాగితం పట్టీ మీద సిరా చిమ్ముతూ వంకర టింకర గీత గీస్తుంది. గీత పైకి లేస్తే చుక్క, కిందికి దిగితే గీత. అలవాటైన గుమాస్తా ఆ అలల గీతను మనం పేపరు చదివినట్టు చదివేవాడట.

ఇక్కడ అసలు మజా ఏమిటంటే ఒక కేబుల్ మీద వచ్చింది రెండో కేబుల్ మీదికి దానంతటది పోదు. ఒకడు చదవాలి, మళ్ళీ కొట్టాలి. లండన్ నుంచి సింగపూరుకు పోయే మాట డజను దాకా చేతులు మారేది. ఆ చేతుల్లో ఏ ఒక్కడు నిద్రమత్తులో ఉన్నా అక్షరం మారిపోయేది. పైగా డబ్బు ఆదా కోసం వర్తకులు ఏబీసీ, బెంట్లీ వంటి కోడు పుస్తకాలు వాడేవాళ్ళు. అర్థం లేని ఒక్క మాట రాస్తే పుస్తకంలో దానికి ఒక పూర్తి వాక్యం ఉంటుంది: సరుకు అందింది, ధర తగ్గించండి, బ్యాంకు హామీ పంపండి, ఇలాంటివి. కాబట్టి గుమాస్తా కొట్టేది ఏ భాషా కాదు. మామూలు భాషలో తప్పు పడితే చదివేవాడు ఊహించి దిద్దుకోవచ్చు, కోడులో ఒక్క అక్షరం తప్పితే వ్యాపారమే తలకిందులు. అందుకే కేబుల్ గుమాస్తాలకు శిక్షణ కఠినం. పోర్త్‌కర్నోలో పదహారు పదిహేడేళ్ళ కుర్రాళ్ళను చేర్చుకుని, తయారుచేసి, ఏడెన్‌కో సింగపూరుకో నడిసముద్రంలో ఉన్న దీవికో పంపేవాళ్ళు. ఈ దేశంలో నేల మీది తంతి ఆఫీసుల్లో సిగ్నలర్లుగా ఎక్కువమంది ఆంగ్లో ఇండియన్లు ఉండేవాళ్ళు. మనవాళ్ళు చాలాకాలం చివరి మెట్టు మీదే: ప్యూన్లు, తీగ సరిచేసేవాళ్ళు, ఖాకీ బట్టలేసుకుని సైకిలు మీద వచ్చే తందివాళ్ళు.

తీగ తెగితే కనుక్కునే పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. సముద్రం అడుగున ఎక్కడ తెగిందో ఎవడు చూడొచ్చాడు? కానీ ఒక మైలు రాగి తీగకు కరెంటును ఎంత అడ్డగించే గుణముందో ముందే కొలిచి పెట్టుకుంటారు. తెగిన చోట రాగి ఉప్పునీళ్ళకు తగులుతుంది, అక్కడే కరెంటు సముద్రంలోకి దిగిపోతుంది. ఒడ్డున గదిలో కూర్చుని మొత్తం అడ్డంకి ఎంతో కొలిచి, మైలు లెక్కతో భాగిస్తే తెగిన చోటు ఇంచుమించు తెలిసిపోతుంది. ఓడ అక్కడికి పోయి కొక్కేల గొలుసును నీళ్ళల్లోకి వదిలి, అటూ ఇటూ ఈదులాడి, బావిలో పడ్డ బిందెను పాతాళగరిగెతో వెతికినట్టు వెతికి పైకి లాగుతుంది. లోతు మైలున్నా రెండు మైళ్ళున్నా ఇదే పాతాళగరిగె.

స్టేషన్లలో బతుకు ఎట్లా ఉండేదో చెప్పడానికి కోకోస్ దీవులు మంచి ఉదాహరణ. సుమత్రాకు నైరుతిగా హిందూ మహాసముద్రం నడుమ పగడపు దిబ్బలు అవి. అందులో డైరెక్షన్ ఐలాండ్ మీద కేబుల్ స్టేషను, మూడు దిక్కుల నుంచి తీగలు: ఒకటి ఆస్ట్రేలియాలో పెర్త్ నుంచి, ఒకటి బటేవియా నుంచి, ఒకటి ఆఫ్రికా వైపు రోడ్రిగ్స్ నుంచి. పెళ్ళికాని కుర్రాళ్ళు, షిఫ్టుల పని, ఒక మెస్సు, ఒక టెన్నిసు కోర్టు, ఎప్పుడో ఒకసారి వచ్చే ఓడ. లోకంలో జరిగే ప్రతి సంగతీ వీళ్ళ వేళ్ళ కింద నుంచి పోతుంది, వీళ్ళకు మాత్రం ఏమీ జరగదు.

1914 నవంబరు 9 పొద్దున జరిగింది. ఆ కథ మద్రాసులో మొదలవుతుంది.

ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌక సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుళ్ళు కురిపించింది. హార్బరు దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు మండి ఊరంతా ఎర్రబడింది. అరగంటలో పని ముగించుకుని వెళ్ళిపోయింది గానీ జనం మూటలు కట్టుకుని రైళ్ళకు ఎగబడ్డారు. ఆ భయం నుంచి అరవంలో "ఎండన్" అనే మాట పుట్టింది: గట్టివాడు, మొండివాడు, ఎవరికీ చిక్కనివాడు. మద్రాసు తెలుగులోకీ దిగింది. మా వీధిలో గోడ దూకి మామిడికాయలు కోసుకొచ్చే ప్రతి పిల్లాడూ ఎండన్‌గాడే. ఇంట్లో గట్టిగా అరిచే మామను "ఆయనొక ఎండన్" అనేవాళ్ళు. ఆ మాట ఒక ఓడ పేరని చాలామందికి తెలియదు.

ఆ ఎండనే ఏడు వారాల తర్వాత కోకోస్ పోయింది. మద్రాసులో కాల్చింది నూనె. అక్కడ కోయవలసింది బ్రిటిషువాళ్ళ నరాన్ని. అప్పటికే యుద్ధం మొదలైన మర్నాడే బ్రిటిషు కేబుల్ ఓడ ఒకటి జర్మనీ కేబుళ్ళను తెంపేసింది; సెప్టెంబరులో ఇంకో జర్మను ఓడ పసిఫిక్‌లో ఫ్యానింగ్ దీవి స్టేషనును పగలగొట్టింది. ఎమ్డెన్ దగ్గరికి రావడం చూసిన కోకోస్ గుమాస్తాలు వింత ఓడ ఒకటి వచ్చిందని కేబుల్ మీదా వైర్‌లెస్ మీదా కొట్టేశారు. జర్మన్లు యాభైమంది దిగి పరికరాలు పగలగొట్టి, వైర్‌లెస్ స్తంభాన్ని కూల్చారు. కూల్చేముందు, టెన్నిసు కోర్టు మీద పడకుండా చూడమని స్టేషను వాళ్ళు అడిగితే జర్మన్లు ఒప్పుకున్నారట! ఒకరినొకరు చంపుకోవడానికి వచ్చిన యుద్ధంలో ఈ మర్యాద ఏమిటో. తర్వాత పడవేసుకుని తీగల కోసం వెతికి ఒకదాన్ని నరికారు. ఇంకొకటి నరికామనుకున్నారు గానీ అది వాళ్ళను మోసం చేయడానికి వేసిపెట్టిన ఉత్త తీగ. ఈలోగా వార్త అందుకున్న ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ వచ్చి పడింది. మధ్యాహ్నానికల్లా ఎమ్డెన్ పక్కనున్న పగడపు దిబ్బ మీద ముక్కచెక్కలై కూర్చుంది. గుమాస్తాలు దాచిపెట్టిన పరికరాలు బయటికి తీసి తొందరలోనే మళ్ళీ మీట మీద చెయ్యేశారు.

మద్రాసును వణికించిన ఓడను పట్టించింది కేబుల్ స్టేషను కొట్టిన ఒక్క మాట. మనకు మిగిలింది మాత్రం ఓడ పేరే. కేబుల్‌కు సంబంధించిన మాట ఒక్కటీ మిగల్లేదు.

దీనికి కారణం నాకు తోచినంతవరకు డబ్బే. మద్రాసు–పినాంగు తీగ పరుచుకున్న దారి, మనవాళ్ళు ఓడలెక్కిన దారి ఒకటే. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల నుంచి కొబ్బరి, రబ్బరు తోటల్లో పనికి మలయాకు పోయారు. పేరాక్‌లో బాగన్ దాతో వైపు ఇప్పటికీ వాళ్ళ వారసులు తెలుగు మాట్లాడుతున్నారు. బర్మాకు పోయినవాళ్ళను అక్కడ "కొరంగీలు" అన్నారు, యానాం పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. 1839 తుపానుకు ఆ రేవు దెబ్బతినిపోయినా పేరు మాత్రం రంగూన్‌లో వందేళ్ళు బతికింది. 1926 నుంచి రజూలా అనే ఓడ మద్రాసు, నాగపట్నం నుంచి పినాంగు, సింగపూరుకు దాదాపు యాభై ఏళ్ళు తిరిగింది. డెక్కు మీద వేలమంది, చాపలు, ట్రంకు పెట్టెలు, ఊరగాయ జాడీలు. వాళ్ళ కింద, నీళ్ళ అడుగున, అదే దారిలో తీగ.

ఆ తీగ మీద మాటకింత అని లెక్క. 19వ శతాబ్దంలో ఒక్క మాట ఖరీదు తోట కూలీ ఒక రోజు కూలికంటే ఎక్కువ. తోట దొర రబ్బరు ధర అడిగితే లండన్ నుంచి ఆ రోజే జవాబు. మా అవ్వ చిన్నాయన పినాంగు తోటల్లో ఉండేవాడు. ఆయన పోయిన సంగతి ఇంటికి తెలిసింది ఒక కార్డు ముక్క మీద, నలభై రోజులు దాటాక. పదో రోజు కర్మ ఎప్పుడు చెయ్యాలో తెలియక పురోహితుడిని అడిగితే, వార్త విన్న రోజునుంచి లెక్కపెట్టుకోమన్నాడట. అవ్వ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా అక్కడికొచ్చేసరికి గొంతు తగ్గించేది. "ఆయప్పకు తంది కొట్టేదానికి దుడ్లేడివి" అనేది. తీగ ఉందని ఆమెకు తెలుసు. అది తనది కాదనీ తెలుసు.

నేల మీది తంతి కాలక్రమాన అందరికీ అందింది. అందినా మన ఇళ్ళకు అది తెచ్చేది చావుకబురో, ప్రాణం మీదికి వచ్చిన కబురో. ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి కాబట్టి చదువురాని ఇళ్ళల్లో కూడా కొన్ని ఇంగ్లీషు మాటలు నోటికొచ్చేశాయి. "ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ." నాలుగు మాటల్లో లోకం. మన తెలుగులో "సీరియస్‌గా ఉంది" అంటే ఈరోజుకీ ఆఖరి ఘడియ అనే అర్థం. ఇంగ్లీషులో ఆ మాటకు అంత బరువు లేదు. ఆ బరువు తంతి కాగితం నుంచే ఎక్కిందని నా గట్టి అనుమానం. పెళ్ళిళ్ళకు శుభాకాంక్షల తంతులూ వచ్చేవి, అంకె వేస్తే చాలు, ముందే అచ్చయిన వాక్యం అవతల దిగేది. అయినా తందివాడి సైకిలు గంట వింటే ముందు ఆడవాళ్ళు కళ్ళు మూసుకునేవాళ్ళు.

సముద్రపు తీగల గుత్తాధిపత్యాన్ని 1920ల చివర్లో వైర్‌లెస్ దెబ్బకొట్టింది. కంపెనీలు కలిసిపోయాయి, పేర్లు మారాయి. 1947లో విదేశీ తంతి వ్యవహారం ప్రభుత్వం చేతికొచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ఉపగ్రహాలు వచ్చాక సముద్రపు తీగల పని అయిపోయిందనుకున్నారు. కాలేదు. 1981లో మద్రాసు నుంచి పినాంగుకు మళ్ళీ తీగ వేశారు, ఈసారి టెలిఫోను మాటల కోసం. నూటపదేళ్ళ తర్వాత అవే రెండు ఊళ్ళు! 2002లో చెన్నై నుంచి సింగపూరుకు గాజు తీగ వచ్చింది, దాని వెనకే ఇంకొన్ని. 2008 జనవరిలో ఈజిప్టు దగ్గర కేబుళ్ళు తెగి ఇక్కడ కంప్యూటరు కంపెనీలు గోళ్ళు గిల్లుకున్నాయి. 2016 డిసెంబరులో వర్దా తుపాను రోజుల్లో మా ఫోన్లలో నెట్టు పాకుతుంటే, సముద్రపు కేబుల్ దెబ్బతిన్నదని కంపెనీ నుంచి సందేశం వచ్చింది. మా పిన్ని కూతురు అది చదివి "సముద్రంలో కేబులేంది? ఆకాశం నించి కదా వచ్చేది?" అనింది. చదువుకున్న పిల్లే. తీగ అంతగా దాక్కుంది.

2013 జులైలో తంతి సేవ ఆగిపోయినప్పుడు పేపర్లు చాలా రాశాయి. ఆఖరి తంది కొట్టడానికి జనం వరసలు కట్టారు. మా ఇంట్లో ఆ మాట అంతకు ముందే పోయింది, అవ్వతో.

ఇప్పుడు మా ఇంట్లో ఇంకో మాట తిరుగుతోంది. శ్రీకాకుళం నుంచి పోయి అండమాన్‌లో స్థిరపడిన కుటుంబంతో మాకు వియ్యం. పోర్టుబ్లెయిర్‌లో మనవాళ్ళు చాలామంది. అక్కడ మొన్నమొన్నటిదాకా నెట్టు ఉపగ్రహం మీదే, ఫోటో ఒకటి పంపితే టీ తాగి వచ్చేలోపు కూడా చేరేది కాదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్టుబ్లెయిర్‌కూ, మరి ఏడు దీవులకూ కేబుల్ తెరిచారు. మొత్తం 2,300 కిలోమీటర్లు. ఖర్చు పెట్టింది ప్రభుత్వం. ఆ నెల్లోనే మా వదిన వీడియోలో కనబడింది, మొదటిసారి మొహం ముక్కలు కాకుండా. వెనకాల కొబ్బరి చెట్లు, పక్కన మనవడు. "ఏం వదినా, ఇంత తేటగా కనిపిస్తున్నావు?" అంటే నవ్వి, "మాకు సముద్రం వైరు పడింది కదా" అన్నది.